పిల్లల బరువు కార్యక్రమాన్ని మధ్యలో మానకుండా నిలబెట్టుకోవడం ఎలా

మా పెద్దమ్మాయికి తొమ్మిదేళ్లప్పుడు అధిక బరువున్న పిల్లల తిండి, కదలిక అలవాట్లు మార్చడానికి బెంగళూరులోని ఒక ఆస్పత్రి నడిపే పిల్లల బరువు కార్యక్రమంలో చేర్పించాం. ప్రతి శనివారం సాయంత్రం నాలుగింటికి వెళ్లాలి. మేముండేది కె.ఆర్.పురం వైపు, ఆస్పత్రి ఉన్నది బన్నేరుఘట్ట రోడ్డులో. మూడు వారాలు వెళ్లాం. నాలుగో శనివారం సిల్క్ బోర్డు కూడలి దగ్గర వానలో చిక్కుకుని, అయిదింటికి కూడా చేరేలా లేమని వెనక్కి తిరిగాం. అయిదో వారం పాపకు జలుబు. ఆరో వారం వెళ్లడానికి నాకే మొహం చెల్లలేదు. రెండు వారాలు ఎందుకు రాలేదని అడిగితే ఏం చెప్పాలో తోచక, ఆస్పత్రి నుంచి వచ్చిన ఫోను కూడా ఎత్తలేదు. అలా మానేశాం. మానేద్దామని ఇంట్లో ఎవరూ ఒక్క మాట కూడా అనలేదు.

ఏడాది దాటాక మళ్లీ చేర్పించాం. ఈసారి చివరిదాకా వెళ్లాం. పాప మారలేదు, నేనూ మారలేదు. ముందుగా సర్దుకున్న పనులు మారాయి. ఆ పనులేమిటో, ఏ వరుసలో చేసుకోవాలో మీకు చెప్పాలని ఇది రాస్తున్నాను.

ముందు ఒక్క సంగతి తెలుసుకోండి. ఇలాంటి కార్యక్రమాలపై విదేశాలలో జరిగిన అధ్యయనాలను 2011లో ఒకచోట చేర్చి సమీక్షించినప్పుడు, మధ్యలో వదిలేసిన కుటుంబాలు కొన్నిచోట్ల 27 శాతం, మరికొన్నిచోట్ల 73 శాతం దాకా ఉన్నాయని తేలింది. కారణాలు అడిగితే ఎక్కువగా వినిపించినవి దూరం, వేళలు కుదరకపోవడం, బడి, ఆఫీసు మానుకోవలసి రావడం, ఆశించిన ఫలితం కనిపించకపోవడం, పిల్లలే ఇక రామని చెప్పడం. తల్లిదండ్రులకు శ్రద్ధ లేక మానేస్తారని ఎవరైనా మీతో అంటే నమ్మకండి. ఈ కారణాలలో చాలావాటిని చేరకముందే సర్దుకోవచ్చు.

ముందుగా ప్రయాణం లెక్క వేసుకోండి

మంచి డాక్టరు ఎవరని వెతకడానికి ముందు, ఆరు నెలలపాటు ఎక్కడికి వెళ్లి రాగలమో చూసుకోండి. ఇది విని కొందరు నొచ్చుకుంటారు. పిల్ల ఆరోగ్యం కోసం ఎంత దూరమైనా వెళ్తాం కదా అంటారు. ఆపరేషన్ కోసమైతే వెళ్తాం. ఇది ఒక్కరోజు పని కాదు.

అమెరికాలో ఏయే నివారణ చికిత్సలు పనికివస్తాయో తేల్చే నిపుణుల సంఘం 2017లో ఒక మాట చెప్పింది. పిల్లల బరువు విషయంలో ఫలితం కనిపించాలంటే కుటుంబం మొత్తం మీద కనీసం 26 గంటలు నిపుణులతో గడపాలి. అక్కడి పిల్లల వైద్యుల సంఘం 2023లో ఇచ్చిన మార్గదర్శకాలలోనూ ఇదే అంకె ఉంది, మూడు నుంచి పన్నెండు నెలల లోపల. వారానికి గంట చొప్పున అయితే ఆరు నెలలు. ఇప్పుడు మా మొదటి ప్రయత్నం లెక్క చూడండి. వెళ్లడానికి గంటన్నర, రావడానికి గంటన్నర. 26 వారాలకు 78 గంటలు రోడ్డు మీదే. 26 గంటల వైద్యానికి 78 గంటల ట్రాఫిక్! ఏ ఉద్యోగస్తుల కుటుంబం నిలుస్తుంది?

కాబట్టి ఒక కాగితం మీద మూడు విషయాలు రాసుకోండి. మీ ఇంటి నుంచి, మీరు వెళ్లవలసిన రోజున, వెళ్లవలసిన వేళకు ఎంతసేపు పడుతుందో ఒకసారి వెళ్లి చూసి రాయండి. ఆదివారం ఉదయం ఫోనులో చూసిన నిమిషాలను శనివారం సాయంత్రానికి లెక్కపెట్టకండి. రెండోది, మెట్రో పనికొస్తుందా అన్నది. ఊదారంగు లైను 2023 అక్టోబరు నుంచి వైట్‌ఫీల్డ్ దాకా పూర్తిగా నడుస్తోంది, పసుపు లైను 2025 ఆగస్టు నుంచి బొమ్మసంద్ర దాకా వెళ్తోంది. స్టేషనుకు నడిచి వెళ్లగలిగిన చోట ఉన్న సాధారణ పిల్లల డాక్టరు, ఒక డైటీషియన్ కలిసి చూసే చిన్న క్లినిక్కు, ఊరి అవతలి పెద్ద పేరున్న ఆస్పత్రి కంటే మీకు ఎక్కువ మేలు చేయవచ్చు. మూడోది, అమ్మ రాలేని రోజున ఎవరు తీసుకెళ్తారు? ఆ పేరు ముందే రాయండి. నాన్న పేరైతే ఆయన క్యాలెండరులో కూడా ఆ రోజు పడాలి.

మొదటి ఫోనులోనే అడగండి

ఫీజు ఎంత అని ఒక్కటే అడిగి ఫోను పెట్టేస్తాం. కింది ప్రశ్నలు కూడా అడగండి, మొహమాటపడకండి.

మొత్తం ఎన్నిసార్లు రావాలి, ఎన్ని నెలలు? మధ్యలో కొన్నిసార్లు వీడియోలో మాట్లాడవచ్చా? బడి మానకుండా వచ్చే వేళలున్నాయా? డబ్బు నెలనెలా కట్టవచ్చా, మొత్తం ముందే కట్టాలా? ప్రతిసారీ అదే డైటీషియన్ ఉంటారా, మనిషి మారుతుంటారా? పిల్ల బరువు ఎక్కడ చూస్తారు, అందరి ముందా, గదిలోనా? ఇంట్లో వంట చేసే పెద్దావిడకు తెలుగు తప్ప మరొకటి రాదు, ఆవిడతో తెలుగులో మాట్లాడేవారు ఉన్నారా?

చివరి ప్రశ్నను చాలామంది చిన్నదిగా చూస్తారు. బెంగళూరు ఆస్పత్రులలో చిత్తూరు, అనంతపురం జిల్లాల నుంచి వచ్చి పనిచేసేవారు కనిపిస్తూనే ఉంటారు. అడిగితే ఎవరో ఒకరు దొరుకుతారు. దొరకకపోతే, డైటీషియన్ చెప్పినదాన్ని ఆ డైటీషియన్ ఎదుటే మీరు తెలుగులో మీ ఫోనులో రికార్డు చేసుకుని ఇంట్లో వినిపించండి. ఇంటికి వచ్చి మనం చెబితే "నువ్వు చెప్పేదేమిటి" అంటారు. "డాక్టరుగారి దగ్గర రికార్డు చేసింది" అంటే వింటారు.

డబ్బు గురించి ఒక మాట. మన ఆరోగ్య బీమా పాలసీలు చాలావరకు ఆస్పత్రిలో చేరితేనే చెల్లిస్తాయి. వారంవారం సంప్రదింపులు మన జేబు నుంచే పోతాయని ముందే అనుకోండి. ఆరు నెలల మొత్తాన్ని లెక్కకట్టి, అది మీకు బరువైతే మొదటి రోజే డాక్టరుతో చెప్పండి. వారానికి ఒకసారి డైటీషియన్ దగ్గరికి, నెలకు ఒకసారి మాత్రమే డాక్టరు దగ్గరికి అన్నట్టు సర్దడానికి చాలామంది ఒప్పుకుంటారు. మూడో నెలలో చేతిలో డబ్బు లేక మౌనంగా మానేయడం కంటే ఇది ఎంతో నయం.

ఫలితం అంటే ఏమిటో ముందే తేల్చుకోండి

నేను ఎక్కువసేపు ఆగి చెప్పాలనుకున్నది దీని గురించే. మానేసిన తల్లులతో మాట్లాడినప్పుడు నేను ఎక్కువసార్లు విన్న మాట, "రెండు నెలలు తిరిగాం, ఒక్క కిలో తగ్గలేదు." ఒకావిడ, "పైగా అర కిలో పెరిగింది" అని కళ్లనీళ్లు పెట్టుకుంది. నిజానికి ఆ పాపకు మేలు జరుగుతూనే ఉంది. ఆ మాట ఆవిడకు ఎవరూ చెప్పలేదు.

పెద్దవాళ్ల ఎత్తు ఆగిపోయింది, కాబట్టి మనకు బరువు తగ్గడమే లెక్క. పిల్లలు ఎదుగుతున్నారు. అందుకే చిన్న పిల్లలలో చాలామందికి డాక్టర్లు పెట్టే మొదటి గురి, బరువు పెరగకుండా, లేదా నెమ్మదిగా పెరిగేలా చూసి, ఎత్తును ముందుకు పోనివ్వడం. ఒక లెక్క చేసి చూద్దాం. పదేళ్ల పాప ఎత్తు 140 సెంటీమీటర్లు, బరువు 45 కిలోలు అనుకోండి. బరువును మీటర్లలో ఉన్న ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే వచ్చేది బీఎంఐ, ఇక్కడ సుమారు 23. ఏడాది తర్వాత ఎత్తు 146, బరువు 46. ఒక కిలో పెరిగింది. కానీ బీఎంఐ 21.6కి దిగింది. అంతేకాదు, ఆ వయసులో ఏటేటా బీఎంఐ కాస్త పెరగడం మామూలే. పెరగవలసిన చోట తగ్గిందంటే, ఈడు పిల్లలతో పోల్చినప్పుడు పాప ఇంకా మెరుగుపడినట్టే. బరువు యంత్రం మాత్రం "ఒక కిలో ఎక్కువ" అంటుంది. ఆ యంత్రం మాట విని ఎన్ని కుటుంబాలు వెళ్లిపోయాయో తలచుకుంటే నాకు బాధ కలుగుతుంది.

అందుకే మొదటి రోజు చేయవలసిన పని ఇది. మన పిల్లల కోసం భారతీయ పిల్లల వైద్యుల సంఘం 2015లో సవరించిన ఎదుగుదల పటాలు ఉన్నాయి, అయిదు నుంచి పద్దెనిమిదేళ్ల వరకు. ఆడపిల్లలకు వేరు, మగపిల్లలకు వేరు. పెద్దలలో బీఎంఐ 23కి సమానమైన గీత దాటితే అధిక బరువు, 27కి సమానమైన గీత దాటితే స్థూలకాయం అని అందులో గుర్తులుంటాయి. మీ పిల్ల చుక్క ఎక్కడుందో డాక్టరును చూపించమనండి. ఆ కాగితం ఫొటో తీసుకోండి. "ఆరు నెలల తర్వాత ఈ చుక్క ఎక్కడుంటే మనం బాగా చేసినట్టు?" అని అడగండి. ఆయన చెప్పిన జవాబును అదే కాగితం మీద రాయించుకోండి. వయసులో పెద్ద పిల్లలకూ, బరువు మరీ ఎక్కువ ఉన్న పిల్లలకూ డాక్టరు కొంత తగ్గాలనే చెప్పవచ్చు. అప్పుడూ నెలకు ఎంత అన్నది ఆయనే చెప్పాలి, మనం ఊహించుకోకూడదు.

ఫలితాన్ని చూపే ఆనవాళ్లు ఇంకా ఉన్నాయి. రాత్రి గురక తగ్గడం, మూడంతస్తులు ఎక్కినా ఆయాసం రాకపోవడం, పాత ప్యాంటు పొడవు చాలక నడుము దగ్గర మాత్రం సరిపోవడం. వీటిని ఒక పుస్తకంలో తేదీతో రాసి పెట్టుకోండి. నిరాశగా ఉన్న వారంలో తిరగేయడానికి పనికొస్తుంది.

రక్తపరీక్షల దగ్గర కూడా రెండు రకాలుగా కుటుంబాలు జారిపోతాయి. థైరాయిడ్ అని తేలితే ఒక మాత్రతో పోతుందని ఆశపడి వస్తారు, అది లేదని తెలియగానే ఇక ఇక్కడ పనేముందని వెళ్లిపోతారు. వయసుకు తగ్గట్టు ఎత్తు పెరుగుతున్న పిల్లలలో హార్మోను లోపం కారణం కావడం చాలా అరుదు. ఇంకొందరు రిపోర్టులన్నీ మామూలుగా ఉన్నాయి కదా అని మానేస్తారు. మామూలుగా ఉన్నప్పుడు మొదలుపెట్టడమే అదృష్టం. మెడ వెనుక, చంకల్లో చర్మం నల్లగా, మందంగా మారితే అది మురికి అనుకుని పిల్లను రుద్ది రుద్ది స్నానం చేయించకండి. నేను నెలల తరబడి సున్నిపిండితో రుద్దాను. శరీరం ఇన్సులిన్‌ను సరిగా వాడుకోలేకపోతోందనడానికి అది ఒక గుర్తు అని తెలిశాక, పాప ఎన్నిసార్లు నొప్పి అని ఏడ్చిందో గుర్తొచ్చింది. తుంటి, తొడ లేదా మోకాలి నొప్పితో పిల్ల కుంటుతుంటే మాత్రం వచ్చే అపాయింట్‌మెంటు దాకా ఆగకండి, ఆ రోజే డాక్టరుకు చూపించండి.

ఒకే ఇంట్లో రెండు కంచాలు పెట్టకండి

మా ఇంట్లో మొదటిసారి జరిగిన పెద్ద పొరపాటు ఇదే. పెద్దది లావు, చిన్నవాడు సన్నం. దానికి కీరదోస ముక్కలు, వాడికి బేకరీ నుంచి హనీకేకు, ఖారా బన్ను. వాడు ఎదురుగా కూర్చుని తింటుంటే అది గోడ వైపు తిరిగి కూర్చునేది. ఆ పిల్లకు ఆ కార్యక్రమం మీద ప్రేమ ఎలా పుడుతుంది?

అమెరికాలో లెనార్డ్ ఎప్‌స్టైన్ బృందం పిల్లల బరువు చికిత్స పొందిన కుటుంబాలను పదేళ్లు గమనించి 1990లో ఫలితాలు ప్రచురించింది. పిల్లలతో పాటు తల్లిదండ్రులు కూడా తమ అలవాట్లు మార్చుకున్న కుటుంబాలలోని పిల్లలే పదేళ్ల తర్వాత మెరుగ్గా ఉన్నారు. ఇది మీ అనుభవానికి కూడా అందుతుంది. నాన్న రాత్రి పదింటికి చిప్స్ ప్యాకెట్టు విప్పే ఇంట్లో పిల్లకు నియమం చెప్పలేం.

అలాగని ఇల్లంతా ఒక్కరోజులో మార్చేయకండి. అలా మార్చిన ఇళ్లే ముందు అలసిపోతాయి. మొదటి నెలలో రెండే మార్పులు, ఇంటిల్లిపాదికీ. మేము ఎంచుకున్నవి ఇవి. తియ్యటి సీసా పానీయాలు ఇంటికి తేవడం మానేశాం. మామూలు కోలా 250 మిల్లీలీటర్లలో ఇరవై ఆరు గ్రాముల దాకా చక్కెర ఉంటుంది, అంటే అయిదారు చెంచాలు. రెండోది, వడ్డించే వరుస మార్చాం. ముందు కూర, పప్పు, వాటితో పాటు ఏదైనా పచ్చి కూరగాయ ముక్కలు (పచ్చడి కాదు) కంచంలో పడతాయి, తర్వాత మిగిలిన చోట అన్నం. మన హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాలు కంచంలో సగం కూరగాయలు, ఆకుకూరలు, పండ్లు ఉండాలంటాయి. వరుస మార్చగానే ఆ సగానికి మేము చాలావరకు చేరాం, ఎవరికీ ఏదీ వద్దని చెప్పకుండానే. రాగిముద్ద, కొర్రలు మంచివే, కానీ వాటికి మారినంత మాత్రాన బరువు తగ్గుతుందని అనుకోకండి. రెండు ముద్దలు తింటే రెండు ముద్దలే.

ఇక నానమ్మ సంగతి. "ఎదిగే పిల్ల, ఒళ్లు చేస్తే తప్పేమిటి", "ఈడొస్తే అదే సాగుతుంది", "కంచంలో వదిలేస్తే అన్నపూర్ణకు కోపం వస్తుంది". ఈ మాటలు అనే పెద్దలను శత్రువులుగా చూసిన ఇళ్లలో కార్యక్రమం నిలవదు. వాళ్లు కరువు రోజులు చూసినవారు. కొసరి కొసరి వడ్డించడమే వాళ్లకు తెలిసిన ప్రేమ. ఆ ప్రేమకు వేరే పని అప్పగించండి. నేను మా అత్తగారితో ఇలా అన్నాను: "అత్తయ్యా, డాక్టరుగారు పాప రోజూ గంటసేపు కదలాలన్నారు. నాకు ఆఫీసు నుంచి వచ్చేసరికి ఏడవుతోంది. బడి నుంచి రాగానే మీరు తనను కింద పార్కుకు తీసుకెళ్తే తప్ప ఇది జరగదు." ఆవిడ మోకాళ్ల నొప్పితోనే వెళ్లి బల్ల మీద కూర్చునేది, పాప పిల్లలతో పరుగెత్తేది. నెల తిరిగేసరికి అపార్ట్‌మెంటులో అందరికీ "మా మనవరాలికి డాక్టరు చెప్పాడు" అంటూ ఆవిడే ప్రచారం చేసింది. ఇంటి పెద్దావిడను వారానికి ఒకసారి డైటీషియన్ దగ్గరికి కూడా తీసుకెళ్లండి. వంటింటి తాళం ఎవరి చేతిలో ఉందో ఆ మనిషి ఆ గదిలో ఉండాలి.

అయిదు నుంచి పదిహేడేళ్ల పిల్లలు రోజుకు సగటున అరవై నిమిషాలు చురుగ్గా కదలాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఒకేసారి గంట కానక్కరలేదు. బెంగళూరులో సాయంత్రం వాన ఎప్పుడు పడుతుందో చెప్పలేం కాబట్టి ఇంట్లో ఆడే ఆట ఒకటి చేతిలో ఉంచుకోండి. మాకు తాడాట పనికొచ్చింది.

పిల్లను ఒంటరిగా అడగండి

పిల్లలు "బోరు కొడుతోంది, రాను" అంటే, ఆ మాట వెనుక ఇంకో మాట ఉంటుంది. రాత్రి దీపం తీసేశాక, పక్కన పడుకుని, "అక్కడ నీకు నచ్చనిది ఏమిటి?" అని అడగండి. జవాబు రావడానికి రెండు మూడు రాత్రులు పట్టవచ్చు. మా అమ్మాయి చెప్పింది: "బరువు చూసేటప్పుడు ఆ అక్క గట్టిగా చదువుతుంది." ఒక్క మాటతో పోయే సమస్య. వచ్చే వారం గదిలోకి వెళ్లగానే, "తన బరువు పైకి చదవకండి, కాగితం మీద రాయండి చాలు" అన్నాను. అవతలివారు వెంటనే ఒప్పుకున్నారు. మూడు వారాలపాటు పాప దాన్ని మోసుకు తిరిగింది, నేను అడగనందుకే.

ఇంట్లో రోజూ బరువు చూడకండి. యంత్రాన్ని అటక మీద పెట్టేయండి. బొద్దు, గుమ్మడికాయ, లడ్డూ అనే ముద్దుపేర్లను ఇంట్లోవాళ్లూ మానాలి, పెళ్లిళ్లలో ఎదురయ్యే బంధువులకూ చెప్పాలి. పిల్ల ఎదుటే చెప్పండి, తన పక్షాన మీరున్నారని తనకు తెలియాలి: "పిన్నీ, దాన్ని పేరు పెట్టి పిలవండి. ఆ పేరు మీరు పెట్టిందే కదా."

పిల్ల దాచుకుని తినడం, భోజనం మానేయడం, తిన్నాక వాంతి చేసుకోవడం, అద్దం చూసుకుని ఏడవడం, బడికి వెళ్లననడం కనిపిస్తే, బరువు సంగతి పక్కనపెట్టి ముందు డాక్టరుతో ఇది చెప్పండి. మనసుకు సంబంధించిన సాయం కోసం ప్రభుత్వం 2022లో ప్రారంభించిన టెలిమానస్ ఉచిత నంబరు 14416 ఉంది. తెలుగులోనూ మాట్లాడతారు.

పన్నెండు, పదమూడేళ్లు దాటిన పిల్లలైతే ప్రతిసారీ పది నిమిషాలు మీరు బయట కూర్చోండి. లోపల ఏం మాట్లాడారో అడగకండి.

పండుగలనూ సెలవులనూ ముందే చెప్పండి

బెంగళూరు తెలుగు కుటుంబాల క్యాలెండరులో మూడు గుంతలుంటాయి. సంక్రాంతి, వేసవి సెలవులు, దసరా. ఊరికి వెళ్తాం, మూడు వారాలు తప్పుతాయి, తిరిగి వచ్చాక ఊరి నుంచి తెచ్చిన అరిసెల డబ్బా ఇంట్లో ఉంటుంది, వెళ్లి మొహం చూపించలేం. చేరేటప్పుడే ఈ తేదీలు చెప్పి, ఊరి నుంచి ఫోనులో పదిహేను నిమిషాలు మాట్లాడే ఏర్పాటు అడగండి. తిరిగి వచ్చిన వారానికి అపాయింట్‌మెంటు ఊరికి బయలుదేరకముందే తీసుకోండి. పండుగ రోజు పిల్లను అరిసె తిననివ్వండి. నానమ్మ చేతి అరిసె తిననివ్వని కార్యక్రమాన్ని ఆ పిల్ల జీవితాంతం ద్వేషిస్తుంది. డబ్బా మాత్రం బెంగళూరు దాకా తేకండి, లేదా తెచ్చిన రోజే ఆఫీసులో, పక్కింట్లో పంచేయండి.

ఒక వారం తప్పిన మర్నాడు

తప్పుతుంది. తప్పని కుటుంబం ఉండదు. అపాయింట్‌మెంటు తప్పడం వల్ల కార్యక్రమం ఆగదు. తర్వాతి రెండు రోజుల మౌనం వల్ల ఆగుతుంది. మొదటి రోజు ఫోను చేయడం సులువు. వారం గడిస్తే కారణం వెతకాలి. నెల గడిస్తే నంబరు చూసినా గుండె దడదడలాడుతుంది. మనకు పెద్దవాళ్ల ముందు, డాక్టర్ల ముందు తప్పు చేసినట్టు నిలబడటం అలవాటు. మంచి మార్కులు రాని పిల్లలు మాస్టారికి కనిపించకుండా తిరిగినట్టు తిరుగుతాం.

కాబట్టి ఇది నియమంగా పెట్టుకోండి: తప్పిన మర్నాడు ఉదయం పదకొండు లోపల ఫోను. మాటలు ముందే రాసి పెట్టుకుంటే ఇంకా సులువు. "నమస్కారమండీ, నిన్న నాలుగింటికి మా పాప అపాయింట్‌మెంటు ఉంది. రాలేకపోయాం. ఈ వారంలోనే ఇంకో రోజు ఏదైనా ఉందా? లేకపోతే వచ్చే శనివారానికి ఖాయం చేయండి." అంతకంటే వివరణ అక్కర్లేదు. నేను చేయలేకపోతే మా వారు చేయాలని మేం ఒప్పందం చేసుకున్నాం. మూడుసార్లు ఆయనే చేశారు.

ఏమీ పాటించని వారమైనా వెళ్లండి. ముఖ్యంగా ఆ వారమే వెళ్లండి. రాసుకోవలసిన పుస్తకం ఖాళీగా ఉంటే ఖాళీ పుస్తకమే తీసుకెళ్లండి. "ఈ వారం అన్నీ బయటి తిండే తిన్నాం, అత్తయ్యకు ఒంట్లో బాగాలేదు" అని చెప్పండి. సరైన డైటీషియన్ అప్పుడు మందలించరు, వంట చేయలేని వారంలో దర్శినిలో (బెంగళూరులో నిలబడి తినే చిన్న టిఫిన్ హోటలు) ఏం తెచ్చుకోవచ్చో చెబుతారు. మాకు ఆ రోజు దొరికిన సలహానే ఇవాళ్టికీ పనికొస్తోంది: మసాలా దోసె, వడ బదులు రెండు ఇడ్లీలు, అదనంగా ఒక గిన్నె సాంబారు, ఇంట్లో కోసిన క్యారెట్టు.

రెండు వారాలు వరుసగా తప్పితే వేళనో, రోజునో, చోటునో మార్చమని అడగాలి. అదే వేళకు ఈసారి తప్పక వస్తామని మాట ఇవ్వకండి. రెండుసార్లు రానివ్వని కారణం మూడోసారీ రానివ్వదు.

మానేయవలసినదే అయితే

కొన్నిచోట్ల నుంచి వెళ్లిపోవడమే సరైన పని. పిల్లను లావుదానా అని ఎగతాళి చేసినా, భోజనం బదులు పొడులూ డబ్బాలూ అమ్మినా, నెలకు ఇన్ని కిలోలు ఖాయం అని మాట ఇచ్చినా, ఎత్తు కొలవకుండా బరువు మాత్రమే చూసినా, రెండో ఆలోచన లేకుండా మానేయండి. అయితే చెప్పి మానండి. పిల్ల ఎత్తు, బరువు, తేదీల వివరాలు, పరీక్షల రిపోర్టులు అడిగి తీసుకోండి, అవి మీవే. ఇంకోచోటికి వెళ్లినప్పుడు మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టే అవసరం ఉండదు. పిల్లతో, "ఆ చోటు మనకు నచ్చలేదు, వేరే చోటికి వెళ్దాం" అనండి. "నీవల్ల కాలేదు" అన్న అర్థం తనకు చేరకూడదు.

ఇంకోచోటికి వెళ్లేదాకా రెండు మూడు నెలలు ఖాళీ వచ్చినా, మొదటి నెలలో పెట్టుకున్న ఆ రెండు మార్పులు ఇంట్లో సాగనివ్వండి. మీ మామూలు పిల్లల డాక్టరు దగ్గర మూడు నెలలకు ఒకసారి ఎత్తు, బరువు చూపించి అదే పటం మీద చుక్క పెట్టించండి.

కార్యక్రమం పూర్తయ్యాక కూడా ఇదే కొనసాగించండి. చివరి రోజు గది నుంచి బయటికి వచ్చేముందే ఆరు నెలల తర్వాతి తేదీ రాయించుకోండి. మా వంటింటి తలుపు చట్రం మీద మూడు నెలలకు ఒక పెన్సిల్ గీత ఉంటుంది, పక్కన తేదీ. ఇద్దరి పిల్లలవీ. బరువు అంకె ఫైలులో ఉంటుంది, గోడ మీద ఎత్తు మాత్రమే. గీత గీయవలసిన ఆదివారం వచ్చిందని ఇప్పుడు మా పెద్దదే మాకు గుర్తు చేస్తుంది.